కంప్యూటర్ చదరంగంలో గడియారం పంచాయితీ

ఒక ఇంజిన్, అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్, ఏనుగు ఆధిక్యంతో ఆడుతోంది. ఇంకో పది పన్నెండు ఎత్తుల్లో మేటు ఖాయం. అంతలో తెర మీద ఒక లైను వస్తుంది: సమయం మించింది, ఓటమి. ఎంత మించిందని లాగ్ తీసి చూస్తే ఎనిమిది మిల్లీసెకన్లు. కనురెప్ప ఒకసారి వాలి లేవడానికి పట్టే సమయంలో అది పదో వంతు కూడా ఉండదు. ఆ ఎనిమిది మిల్లీసెకన్లు ఇంజిన్ ఆలోచనలోనే పోయాయా, లేక ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌ను కాసేపు పక్కన పెట్టి ఇంకో పని చూసుకుందా, లేక టోర్నమెంటు నడిపించే ప్రోగ్రామే జవాబు చదవడంలో ఆలస్యం చేసిందా, ఆ ఒక్క లైను చూసి ఎవరూ చెప్పలేరు. పాయింటు మాత్రం పోయింది.

మనుషుల ఆటలో ఈ గొడవ ఇంత చిక్కుగా ఉండదు. కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్లీ 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిన పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ 10 సెకన్ల ఇంక్రిమెంట్, అంటే ఎత్తు ఎత్తుకీ అదనంగా కలిసే సమయం. పావు జరిపి గడియారం నొక్కడానికి పట్టే అర సెకనో సెకనో ఆ పదిలోనే సర్దుకుపోతుంది, పైగా ఆ చెయ్యి ఆటగాడిదే కాబట్టి అది నెమ్మదిస్తే నష్టం ఎవరిదని అడగక్కర్లేదు. కంప్యూటర్‌కి చెయ్యి లేదు. దాని ఎత్తును బోర్డు దాకా మోసుకెళ్లేది వేరేవాళ్లు. ఒకప్పుడు పక్కన కూర్చున్న మనిషి, ఫోను లైను. ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్, టోర్నమెంటు మేనేజర్ అనే ఇంకో ప్రోగ్రామ్. ఆ మోతకు పట్టే సమయం ఎవరి గడియారంలోంచి కోయాలన్నదే అసలు పేచీ.

తను వాడుకున్న సమయానికి ఇంజినే బాధ్యత పడాలి, తన అదుపులో లేని ఆలస్యం మాత్రం దాని నెత్తిన పడకూడదు. ఇంతకు మించిన న్యాయం ఇందులో లేదు. వినడానికి సులువే గానీ ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో లోపలికి దిగితే తప్ప తెలియదు. ఆ గీత మొదటి గేమ్‌కి ముందే గీసి ఉండాలి, ఎందుకంటే ఎవరో ఒకరు ఓడిపోయాక గీసే గీతను రెండో పక్షం ఎప్పుడూ నమ్మదు.

ఇంజిన్‌కీ ఆట నడిపించే ప్రోగ్రామ్‌కీ మధ్య మాటలు నడవడానికి ఇవాళ దాదాపు అన్ని ఇంజిన్లకూ తెలిసిన భాష యూసీఐ, అంటే యూనివర్సల్ చెస్ ఇంటర్‌ఫేస్. రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ కలిసి 2000 నవంబరులో దీన్ని విడుదల చేశారు. ఇందులో అధికారిక గడియారం ఇంజిన్ దగ్గర ఉండదు, ఆట నడిపించే ప్రోగ్రామ్ దగ్గర ఉంటుంది. అది 'గో' అని పంపుతూ తెల్లకు ఇంత మిగిలింది, నల్లకు ఇంత మిగిలింది, ఇంక్రిమెంట్ ఇంత అని మిల్లీసెకన్లలో చెబుతుంది. ఇంజిన్ ఆలోచించుకుని 'బెస్ట్‌మూవ్' అని జవాబిస్తుంది. ఆ రెండు మాటల మధ్య గడిచిందంతా ఇంజిన్ ఖాతాలో రాసేస్తారు. మేనేజర్ లెక్క 'గో' పంపిన క్షణంలో మొదలవుతుంది, ఇంజిన్ లెక్క ఆ మాట చెవిన పడిన క్షణంలో మొదలవుతుంది. జవాబు దగ్గరా అంతే, ఇంజిన్ తన పని అయిపోయిందనుకున్నాక కూడా మేనేజర్ దాన్ని చదివేదాకా లెక్క ఆగదు. ఇలా రెండు చివర్లా కాస్త కాస్త మిగులుతుంది, ఆ కాస్త ఎప్పుడూ ఇంజిన్‌కి నష్టం వైపే పోతుంది.

ఆ కాస్తలో కొంత నిజంగా ఇంజిన్ రాసినవాళ్ల పాపమే. జవాబు రాసి బఫర్‌లోనే, అంటే బయటికి వెళ్లే ముందు మాటలు ఆగే తాత్కాలిక మెమరీలోనే, వదిలేసి బయటికి తోయడం మర్చిపోవడం కొత్తగా ఇంజిన్ రాసే ప్రతివాళ్లూ ఒకసారైనా చేసే తప్పు. సమయం అయిందా లేదా అని ఇంజిన్ ప్రతి స్థానం దగ్గరా చూసుకోదు, అలా చూస్తే వేగం పడిపోతుంది కాబట్టి కొన్ని వందల స్థానాలకో కొన్ని వేల స్థానాలకో ఒకసారి చూస్తుంది, ఆ విరామం ఎంతో నిర్ణయించింది రచయితే. పదుల కొద్దీ థ్రెడ్లతో, అంటే ఒకేసారి పక్కపక్కన నడిచే పనులతో, వెతికే ఇంజిన్ ఆగమనగానే ఆగదు, అన్ని థ్రెడ్లూ చేతిలో పని దించేదాకా ఆగాలి. లీలా లాంటి న్యూరల్ ఇంజిన్ అయితే గ్రాఫిక్స్ కార్డుకి పంపిన స్థానాల కట్ట తిరిగొచ్చేదాకా చూడాలి. ఇవన్నీ ఇంజిన్ స్వభావంలో భాగం, వీటికి మినహాయింపు అడగడం అన్యాయం. కానీ విండోస్ డిఫాల్ట్ టైమర్ 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టుకుంటుందన్నది, అదే యంత్రం మీద వెనకాల యాంటీవైరస్ స్కాన్ నడుస్తోందన్నది, నిర్వాహకుడు గేమ్‌ని లైవ్‌లో చూపించడానికి ఇంకో ప్రోగ్రామ్ తెరిచాడన్నది ఇంజిన్‌కి ఏం తెలుసు?

అందుకే ఇంజిన్లు బీమాలాగా కొంత సమయం వెనకేసుకుంటాయి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌లో 'మూవ్ ఓవర్‌హెడ్' అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 10 మిల్లీసెకన్లు. ప్రతి ఎత్తుకీ అంత దారిలో పోతుందనుకుని ఇంజిన్ తన బడ్జెట్ వేసుకుంటుంది. ఈ అంకె ఎంత ఉండాలో చెప్పేది ఇంజిన్ కోడ్ కాదు, ఆట జరిగే యంత్రం. ఆ యంత్రం నిర్వాహకుడిది. కాబట్టి మా యంత్రంలో దారి ఖర్చు సాధారణంగా ఇంత, గరిష్ఠంగా ఇంత అని కొలిచి చెప్పాల్సిన బాధ్యత నిర్వాహకుడిదే, ఆ అంకె చూసి తమ సెట్టింగ్ మార్చుకునే అవకాశం ప్రతి రచయితకీ ఇవ్వాలి. చాలా చిన్న పోటీల్లో ఇది జరగదు. డిఫాల్ట్ సెట్టింగులతోనే ఆడిస్తాం అని ఒక్క మాట రాసేసి వదిలేస్తారు, అది సమానంగా కనిపిస్తుంది గానీ 10 మిల్లీసెకన్ల బీమా ఉన్న ఇంజిన్‌నీ, 100 మిల్లీసెకన్ల బీమా ఉన్న ఇంజిన్‌నీ, అసలు బీమాయే లేని ఇంజిన్‌నీ ఒకే గోదాలో దించినట్టవుతుంది.

మేనేజర్ వైపు నుంచి కూడా ఒక సడలింపు ఉంటుంది. క్యూట్‌చెస్ లాంటి ప్రోగ్రాముల్లో 'టైమ్ మార్జిన్' అని పెట్టుకోవచ్చు, అంటే సమయం అయిపోయాక కూడా ఇన్ని మిల్లీసెకన్ల దాకా ఓటమి ప్రకటించకుండా ఆగడం. ఇది మంచిదే, కానీ దానితో పాటు ఇంకో రెండు మాటలు రాసి ఉండాలి. మార్జిన్ ఎంతో అందరికీ ఒకేసారి తెలియాలి, ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకపోతే తెలిసినవాళ్లు దాన్ని తమ సమయంగానే లెక్కేసుకుంటారు. మార్జిన్‌లో వాడిన సమయం ఉచితం కాకూడదు, తర్వాత వచ్చే ఇంక్రిమెంట్‌లోంచి కోసేయాలి. ఈ రెండోది లేకపోతే 100 మిల్లీసెకన్ల మార్జిన్ ప్రతి ఎత్తుకీ 100 మిల్లీసెకన్ల అదనపు ఇంక్రిమెంట్ అయి కూర్చుంటుంది.

ఇక సమయాన్ని ఎలా ఇవ్వాలన్న విషయానికి వస్తే, ఇందులో అందరికీ తెలిసిన ఉదాహరణ 2017 డిసెంబరు నాటిది. గూగుల్‌కి చెందిన డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్ 8తో 100 గేములు ఆడి 28 గెలిచి 72 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. ప్రపంచమంతా ఆ గేముల అందం గురించి మాట్లాడుకుంటుంటే స్టాక్‌ఫిష్ తయారుచేసినవాళ్లలో ఒకరైన టోర్డ్ రోమ్‌స్టాడ్ మాత్రం వేరే సంగతి ఎత్తారు. ఆ గేముల్లో ప్రతి ఎత్తుకీ సరిగ్గా ఒక నిమిషం ఇచ్చారు. స్టాక్‌ఫిష్‌లో ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించాలి, ఎక్కడ చటుక్కున ఆడేయాలి అని నిర్ణయించే భాగం మీద ఏళ్ల తరబడి పని జరిగింది, ఎత్తుకి ఇంత అని కొలిచి పోస్తే ఆ భాగం మొత్తం పనికిరాకుండా పోతుంది అన్నది ఆయన అభ్యంతరం. 64 థ్రెడ్లకు ఒక్క జీబీ హ్యాష్, అంటే చూసిన స్థానాలను గుర్తుపెట్టుకునే మెమరీ, ఇవ్వడం మీద కూడా విమర్శ వచ్చింది.

ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఇంజిన్ ముందు ఒక ఎత్తు లోతు, తర్వాత రెండు, మూడు అని లోతు పెంచుకుంటూ పోతుంది. ప్రతి అంచె తర్వాతా ఆపాలా కొనసాగాలా అని తనను తాను అడుగుతుంది. వరసగా ఎన్ని అంచెలు దిగినా అదే ఎత్తు బాగుందని తేలితే ఆపేసి సమయం మిగుల్చుకుంటుంది. బాగుందనుకున్న ఎత్తు హఠాత్తుగా చెడిపోయినట్టు కనిపిస్తే, లేదా అంచె అంచెకీ మనసు మార్చుకుంటూ ఉంటే, మిగుల్చుకున్నది తెచ్చి అక్కడ పోస్తుంది. అంటే సమయం పంచుకోవడం కూడా ఆటలో నైపుణ్యమే. తన పావును కొట్టిన పావును వెంటనే తిరిగి కొట్టే మామూలు ఎత్తుకీ, గేమ్ మొత్తం తేలిపోయే ఎత్తుకీ ఒకే నిమిషం ఇచ్చే నియమం ఆ నైపుణ్యాన్ని బోర్డు బయటికి నెట్టేస్తుంది. పరిశోధకులు ఫిక్స్‌డ్ టైమ్ ఎందుకు ఇష్టపడతారో కూడా తెలుసు, ఎత్తు ఎత్తుకీ ఖర్చు సమానంగా ఉంటే లెక్కలు పోల్చడం తేలిక. ప్రయోగానికి అది సరే, పోటీకి సరిపోదు.

డీప్‌మైండ్ వాళ్లు కూడా ఆ తర్వాత మార్చుకున్నారు. 2018 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన పత్రంలో గేమ్‌కి 3 గంటలు, ఎత్తుకి 15 సెకన్ల ఇంక్రిమెంట్, స్టాక్‌ఫిష్‌కి 44 థ్రెడ్లు, 32 జీబీ హ్యాష్ ఇచ్చి వెయ్యి గేములు ఆడించారు. ఆల్ఫాజీరో 155 గెలిచింది, 6 ఓడింది, మిగతా 839 డ్రా. విజేత మారలేదు. అయినా ఆ ఆరు ఓటములు ఉన్న ఫలితమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది, ఎందుకంటే ఓడినవాళ్లకి తమ పూర్తి ఆట ఆడే వీలు దొరికింది.

ఇంక్రిమెంట్ లేని గడియారం ఇంజిన్ల పోటీకి పనికిరాదని గట్టిగానే చెప్పాలి. బాబీ ఫిషర్ ఈ ఇంక్రిమెంట్ గడియారానికి 1989లో అమెరికా పేటెంట్ పొందాడు, 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో వాడారు. మనుషుల కోసం పుట్టిన ఆలోచన అయినా అది కంప్యూటర్లకు ఇంకా బాగా నప్పుతుంది. గేమ్‌కి మొత్తం ఐదు నిమిషాలు అంతే అంటే, ఇంజిన్ల గేములు 150, 200 ఎత్తుల దాకా సాగడం మామూలే కాబట్టి, చివర్లో ఇంజిన్ దగ్గర మిగిలేది దారి ఖర్చుకే సరిపోదు. ఆలోచన సున్నా అయినా ఓడిపోతుంది. ఇంక్రిమెంట్ ఉంటే, అది దారి ఖర్చు కన్నా తగినంత ఎక్కువ ఉంటే, మంచిగా రాసిన ఏ ఇంజినూ సమయం మీద ఓడాల్సిన పని లేదు. స్టాక్‌ఫిష్ మార్పులను పరీక్షించే ఫిష్‌టెస్ట్‌లో చిన్న పరీక్షకు 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను, పెద్ద పరీక్షకు 60 సెకన్లు, ఎత్తుకి 0.6 సెకను. 60 ఎత్తుల గేమ్ అయితే మొదటిదాంట్లో ఒక్కో పక్షానికి 16 సెకన్లు, రెండోదాంట్లో 96 సెకన్లు వస్తాయి. పది మిల్లీసెకన్ల దారి ఖర్చు మొదటిదాంట్లో ఇంక్రిమెంట్‌లో పదో వంతు, రెండోదాంట్లో అరవయ్యో వంతు. గేమ్ ఎంత చిన్నదైతే గడియారం లోపం అంత పెద్దదవుతుందనడానికి ఈ లెక్క చాలు.

ఇన్ని ఎత్తులకి ఇంత సమయం అనే పాత పద్ధతి, అంటే 40 ఎత్తులకు రెండు గంటలు లాంటిది, ఇంజిన్ రచయితలకు ఇంకో రకం టెన్షన్. నలభయ్యో ఎత్తు దగ్గర 'ఇంకా ఒక్క ఎత్తే ఉంది, ఉన్నదంతా వాడేయొచ్చు' అని ఇంజిన్ అనుకుని అంచు దాకా వెళ్లి పడిపోవడం పాతకాలపు బగ్. అది రచయిత తప్పే, నియమం సరిగ్గానే ఉంది. కానీ సమయం కలిసేది నలభయ్యో ఎత్తు ఆడాకా, ముందా అన్నది మేనేజర్ ప్రోగ్రామ్‌ని బట్టి మారకూడదు, స్పష్టంగా రాసి ఉండాలి.

ఎదుటివాళ్ల సమయంలో ఆలోచించడాన్ని ఇంజిన్ లోకంలో పాండరింగ్ అంటారు. రెండు ఇంజిన్లు వేరు వేరు యంత్రాల మీద ఉంటే పాండరింగ్ ఆటకి సహజం, మనిషి కూడా ఎదుటివాడు ఆలోచిస్తుంటే కళ్లు మూసుకుని కూర్చోడు కదా. రెండూ ఒకే యంత్రం మీద ఉన్నప్పుడు మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. తన వంతు కాని ఇంజిన్ ప్రాసెసర్ కోర్లను వాడుకుంటుంటే, వంతు వచ్చిన ఇంజిన్ తన గడియారం తిరుగుతుండగా సగం యంత్రంతో ఆలోచించాల్సి వస్తుంది. అందుకే రేటింగ్ జాబితాలు ఎక్కువగా పాండరింగ్ ఆపేసి ఆడిస్తాయి. ఆపేశాం అనడంతో సరిపోదు, నిజంగా ఆగిందో లేదో చూడాలి, ఎందుకంటే బగ్ వల్ల జవాబిచ్చాక కూడా థ్రెడ్లు తిరుగుతూనే ఉండే ఇంజిన్లు ఉంటాయి. ఎదుటి ఇంజిన్ వంతులో ఈ ఇంజిన్ ప్రాసెసర్ వాడకం ఎంతో రికార్డు చేస్తే చాలు, విషయం బయటపడుతుంది. ఎనిమిది కోర్ల యంత్రం మీద పదహారు గేములు ఒకేసారి నడిపించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఒక్కో కోర్‌ను రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ వల్ల పదహారు కనిపిస్తాయి గానీ అవి పదహారు పూర్తి కోర్లు కావు, పక్క గేమ్‌లో ఎవరు ఎంత బరువు మోపుతున్నారన్న దాన్ని బట్టి ఈ గేమ్‌లో సెకను విలువ మారిపోతుంది.

సెకను విలువ అన్నాం కాబట్టి యంత్రాల తేడా గురించి రెండు మాటలు. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు యంత్రాల మీద ఆడించిన గేములను కలపాలంటే సమయాన్ని యంత్రం వేగంతో సరిచేయాలి. సీసీఆర్ఎల్ రేటింగ్ జాబితా 40 ఎత్తులకు 15 నిమిషాలు అంటుంది గానీ అది ఇంటెల్ ఐ7-4770కె ప్రాసెసర్ మీద లెక్క. వేరే యంత్రం ఉన్నవాళ్లు దాని వేగాన్ని బట్టి పెంచో తగ్గించో ఆడిస్తారు. ఫిష్‌టెస్ట్ కూడా అంతే, వాలంటీర్ల యంత్రం ఎంత వేగమో ముందు కొలిచి దాన్ని బట్టి గడియారాన్ని సాగదీస్తుంది లేదా కుదిస్తుంది. ఇది సరైన పద్ధతే, కానీ ఒక చిన్న మెలిక ఉంది. రెట్టింపు వేగమున్న యంత్రం మీద 10 సెకన్లకు బదులు 5 సెకన్లు, 0.1కి బదులు 0.05 ఇస్తే ఆలోచన సమానమవుతుంది, దారి ఖర్చు మాత్రం యంత్రంతో పాటు సగం కాదు. అది అలాగే పది మిల్లీసెకన్లుగా ఉండిపోయి ఇప్పుడు ఇంక్రిమెంట్‌లో ఐదో వంతు తినేస్తుంది. వేగమైన యంత్రం మీదే సమయం మీద ఓటములు ఎక్కువ కావడం చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఈ లెక్క వేసి చూడాలి.

ప్రాసెసర్ మీద నడిచే ఇంజిన్‌నీ గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే ఇంజిన్‌నీ పోటీ పెట్టేటప్పుడు ఈ సరిచేయడం కూడా కుదరదు, రెండింటికీ ఉమ్మడి కొలత లేదు. ధర చూడాలా, కరెంటు ఖర్చు చూడాలా అన్న వాదన తెగేది కాదు. అక్కడ నిజాయితీగా చేయగలిగింది ఒకటే, యంత్రం వివరాలు ముందే ప్రకటించి ఇద్దరికీ ఒకే గడియారం ఇవ్వడం.

గేమ్ మొదలవకముందు చేసే పని గడియారంలో పడకూడదు. పెద్ద హ్యాష్ టేబుల్ తుడవడానికీ, న్యూరల్ నెట్‌వర్క్ ఫైలు గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కించడానికీ సెకన్లు పడుతుంది. యూసీఐలో దీనికి దారి ఉంది, మేనేజర్ 'ఇజ్‌రెడీ' అని అడిగి 'రెడీఓకే' అని జవాబు వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే గడియారం. ఆ ఆగడానికీ ఒక హద్దు ముందే పెట్టుకుంటే మంచిది. టేబుల్‌బేస్‌ల సంగతి, అంటే కొద్ది పావులే మిగిలిన స్థానాల ఫలితాలను ముందే లెక్కగట్టి దాచిన ఫైళ్ల సంగతి, ఇంకోలా ఉంటుంది. ఆరు పావుల దాకా సిజిజీ టేబుల్‌బేస్‌లు సుమారు 150 జీబీ. వాటిని తిరిగే హార్డ్ డిస్క్ మీద పెడితే ఎండ్‌గేమ్‌లో ఇంజిన్ ఒక్కో స్థానం వెతుక్కోవడానికి డిస్క్ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది, అదీ గడియారంలో సమయం అడుగంటిన దశలో. గోరుచుట్టు మీద రోకటిపోటు. డిస్క్ నిర్వాహకుడిదైతే తప్పు నిర్వాహకుడిదే, కాబట్టి వేగమైన ఎస్ఎస్‌డీ మీద పెట్టాలి, లేదంటే టేబుల్‌బేస్‌లు ఎవరికీ ఇవ్వకుండా ఆడించాలి.

ఈ వివాదాలన్నీ కొత్తగా పుట్టినవి కావు. 1974లో స్టాక్‌హోంలో జరిగిన తొలి ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీ గెలిచిన సోవియట్ ప్రోగ్రామ్ కైసా నడిచిన యంత్రం మాస్కోలో ఉంది, ఎత్తులు ఫోనులో వచ్చేవి. ఆ రోజుల్లో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, బోర్డు ముందు ఒక ఆపరేటర్ కూర్చునేవాడు. ఎదుటివాళ్ల ఎత్తు చూసి టైపు చేయడం, తన ప్రోగ్రామ్ జవాబు చూసి పావు జరిపి గడియారం నొక్కడం అతని పని. టైపు చేయడానికి నాలుగు సెకన్లు, జరిపి నొక్కడానికి నాలుగు అనుకున్నా 60 ఎత్తులకు ఎనిమిది నిమిషాలు. రెండు గంటల గడియారంలో అది పెద్ద లెక్క కాదు. ఐదు నిమిషాల బ్లిట్జ్‌లో అది మొత్తం సమయం కంటే ఎక్కువ. ఆపరేటర్లు నడిపించే బ్లిట్జ్ పోటీ ఎంత సరదాగా ఉన్నా అక్కడ ఇంజిన్ బలంతో పాటు వేళ్ల చురుకుదనం కూడా కొలిచినట్టే.

ఇంకా లోతైన చిక్కు ఏమిటంటే, ఆ ఎనిమిది నిమిషాలు ప్రోగ్రామ్‌కి తెలియవు. దాని లోపలి గడియారం ప్రకారం ఇంకా ఇరవై నిమిషాలు ఉంటాయి, బల్ల మీద గడియారంలో పన్నెండే ఉంటాయి. ఎవరో ఒకరు చెప్పాలి. ఆపరేటర్‌కి ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పే స్వేచ్ఛ ఇస్తే, చిక్కు స్థానం వచ్చినప్పుడు 'నీ దగ్గర చాలా సమయం ఉంది' అని అబద్ధపు అంకె ఇచ్చి ప్రోగ్రామ్ చేత ఎక్కువసేపు ఆలోచింపజేయొచ్చు, అంటే మనిషి సలహా దొడ్డిదారిన లోపలికి వస్తుంది. అందుకే ఆపరేటర్ ఎత్తులు టైపు చేయడం, ప్రోగ్రామ్ అడిగితేనే గడియారం అంకె చెప్పడం తప్ప ఇంకేం చేయకూడదన్న పద్ధతి వచ్చింది. చాలా తెలివైన నియమం. సమయం అడగాల్సిన బాధ్యత ప్రోగ్రామ్ మీద పెట్టింది, అంకె బల్ల మీదే కనిపిస్తుంది కాబట్టి ఎదుటివాళ్లు సరిచూసుకోవచ్చు. ఆపరేటర్ చేతికి కాస్త నిర్ణయాధికారం వచ్చినా ఏమవుతుందో 2003లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో జరిగిన ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీలో కనబడింది. జానీ, ష్రెడర్ అనే ప్రోగ్రాములు ఆడిన గేమ్‌లో ఒకే స్థానం మూడుసార్లు వచ్చింది, డ్రా అవ్వాల్సింది, కానీ జానీ ఆపరేటర్ ఆట కొనసాగించాడు. ష్రెడర్ గెలిచింది, ఫ్రిట్జ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో సమానంగా నిలిచి ప్లేఆఫ్‌లో టైటిల్ కూడా గెలిచింది. అది గడియారం వివాదం కాకపోయినా, ఇంజిన్‌కీ బోర్డుకీ మధ్య మనిషి ఉన్నంతకాలం ఏ నియమమూ ఆ మనిషిని వదిలేసి రాయకూడదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంటర్నెట్ ద్వారా ఆడే పోటీల్లో ఆపరేటర్ స్థానంలోకి నెట్‌వర్క్ దారిలో పట్టే ఆలస్యం వచ్చింది. ఎఫ్ఐసీఎస్ అనే ఉచిత ఇంటర్నెట్ చదరంగం సర్వర్ దీనికి 'టైమ్‌సీల్' అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చింది. ఎత్తు ఆడినవాళ్ల కంప్యూటర్‌లోనే సమయం ముద్ర వేసి పంపుతుంది, దారిలో ఎంతసేపు పట్టినా గడియారంలో పడదు. న్యాయమైన పరిష్కారం, అయితే ముద్ర వేసేది ఆడేవాళ్ల యంత్రంలోనే కాబట్టి నమ్మకం మీద నడుస్తుంది. బహుమతి డబ్బు ఉన్న పోటీకి రెండు ఇంజిన్లనూ నిర్వాహకుడి దగ్గరే నడిపించడం మేలు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సమయం మీద ఓటమి అనే లైను ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు గేమ్‌ని మళ్లీ ఆడించాలా వద్దా? ఇక్కడే చాలా పోటీలు తప్పటడుగు వేస్తాయి. ఓడినవాళ్లు గట్టిగా అడిగితే మళ్లీ ఆడిస్తారు. వినడానికి దయగానే ఉంటుంది గానీ, అదే యంత్రం ఆగిపోవడం వల్ల నష్టపోయి కూడా ఎలాగో డ్రా చేసుకున్న ఇంజిన్ తరఫున అడిగేవాళ్లు ఎవరూ లేరు, అసలు ఆ ఆలస్యం జరిగిందని కూడా ఎవరూ చూడరు. అడిగినవాళ్లకే దొరికే న్యాయం ఫలితాలను ఒకవైపుకి వంచేస్తుంది. కాబట్టి నిర్ణయం ఫలితం మీద కాక ఆధారం మీద నడవాలి. మేనేజర్ ప్రతి ఎత్తుకీ 'గో' పంపిన క్షణం, జవాబు చదివిన క్షణం రాసిపెట్టాలి. ఇంజిన్ తన లెక్కలో ఎంత వాడుకుందో దాని చివరి సమాచార లైనులో చెబుతుంది, అదీ రాసిపెట్టాలి. ఈ రెండింటికీ మధ్య తేడా మామూలుగా మూడు నాలుగు మిల్లీసెకన్లు ఉండి ఒక్క ఎత్తు దగ్గర 200కి ఎగిరితే, అదే క్షణంలో పక్క గేముల్లోనూ ఎగిరితే, అది యంత్రం తప్పు. అప్పుడు ఆ క్షణంలో నడుస్తున్న గేములన్నీ, గెలిచినవీ ఓడినవీ డ్రా అయినవీ, అన్నీ మళ్లీ ఆడించాలి, అవే ఓపెనింగులు, అవే రంగులతో. ఒక్క ఇంజిన్‌కే, తరచుగా, ఆ ఇంజిన్ ఉన్న గేముల్లోనే వస్తుంటే అది ఇంజిన్ తప్పు, ఓటమి ఓటమే, ఇంజిన్ రాసినవాళ్లు వచ్చే పోటీకి సరిచేసుకుని రావాలి. ఇంజిన్ తను వాడుకున్నానని చెప్పే అంకె మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు, తప్పుడు అంకె చెప్పే ఇంజిన్ రాయడం కష్టం కాదు. అందుకే పక్క గేముల సాక్ష్యం ముఖ్యం.

గేమ్ మధ్యలో కరెంటు పోతే ఆగిన స్థానం నుంచి, ఆగినప్పటి గడియారంతో కొనసాగించడం ఆనవాయితీ. అప్పటిదాకా హ్యాష్‌లో పోగుచేసుకున్నది ఇద్దరికీ పోతుంది కాబట్టి సమానమే అంటారు. పూర్తిగా సమానం కాదు, వంతు ఉన్న ఇంజిన్ అప్పటికే నాలుగు నిమిషాలు ఆలోచించి ఉంటే ఆ నాలుగు నిమిషాల పని మాత్రమే గాలిలో కలిసిపోతుంది. కాబట్టి దాని గడియారాన్ని ఆ ఎత్తు మొదలైన క్షణానికి వెనక్కి తిప్పాలి. సమయం అయిపోయినా ఎదుటి పక్షానికి మేటు చేసే పావులే లేకపోతే డ్రా అన్న మనుషుల నియమం ఇంజిన్లకూ వర్తించాలి, దీనికి వేరే వాదన అక్కర్లేదు.

కొలిచే గడియారం కూడా సరైనదై ఉండాలి. కంప్యూటర్లో తేదీ, సమయం చూపించే గడియారాన్ని ఇంటర్నెట్ సర్వర్లతో సరిచూసుకుంటూ అప్పుడప్పుడూ ముందుకో వెనక్కో జరుపుతుంటారు. మేనేజర్ ప్రోగ్రామ్ దాన్నే నమ్ముకుంటే ఎత్తు మధ్యలో అర సెకను మాయమవచ్చు, లేదా పుట్టుకురావచ్చు. ఎప్పుడూ ముందుకే నడిచే, ఎవరూ సర్దని మోనోటోనిక్ గడియారం ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఉంది, వాడాల్సింది అది.

వీటిలో ఏ ఒక్కటీ చేసే ఓపిక లేని నిర్వాహకుడు కూడా ఒక పరీక్ష మాత్రం తప్పకుండా చేయొచ్చు. అసలేమీ ఆలోచించని ఇంజిన్ ఒకటి రాయాలి, 'గో' వినగానే చేతికందిన మొదటి చెల్లే ఎత్తు ఆడేసేది. యాభై అరవై లైన్ల కోడ్ పెట్టి, చదరంగం లైబ్రరీ ఉన్న ఏ భాషలోనైనా ఒక సాయంత్రంలో అయిపోతుంది. పోటీ జరిగే యంత్రం మీద, అన్ని గేములూ నిండుగా నడుస్తున్న వేళ, ఆ ఖాళీ ఇంజిన్‌తో కొన్ని వేల ఎత్తులు ఆడించి, దాని గడియారంలో ఎత్తుకి ఎంత కోత పడిందో రాసుకోవాలి. అది ఆలోచించలేదు కాబట్టి కోత పడిన ప్రతి మిల్లీసెకనూ పోటీదే. మామూలుగా మూడు, ఎప్పుడో ఒకసారి నలభై అని తేలితే, మార్జిన్ నలభైకి పైన ఉండాలి, ఇంక్రిమెంట్ దానికి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, రచయితలకు ఆ అంకెలు రెండూ పోటీకి వారం ముందే పంపాలి. మొదట చెప్పిన గేమ్‌లో ఆ ఎనిమిది మిల్లీసెకన్లు ఎవరివో అప్పుడు లాగ్ తెరిచి చూసి చెప్పొచ్చు.